పోయిన వస్తువుల పుస్తకం

పుస్తకాల మరమ్మతు గది
గవ్వకు నాలుగో నెల, సోమవారం

అమ్మకు,

ఈ ఉదయం గవ్వకు స్నానం చేయిస్తుంటే ఎడమ చెవి వెనక ఒక కాగితపు పీలిక కనిపించింది. గోరంత ఉంది. చిరిగిన పేజీలకు అతుకు వేసే పల్చటి కాగితం. నీళ్ళు తగిలినా ఊడలేదు. వేలితో మెల్లగా రుద్ది తీశాను. తీస్తున్నంతసేపూ అది నన్నే చూసింది.

అందరం క్షేమం. ఆయన సర్వే పని మీద వెళ్ళి పది రోజులైంది. ఇంకో నాలుగు రోజులకు వస్తారు. నేను మళ్ళీ పనిలో చేరి నెల దాటింది. మా గది లైబ్రరీ కింద నేలమాళిగలో ఉంది. ఉన్న ఒక్క కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. లైబ్రేరియన్ గారు పెద్దాయన, మంచివారు. గవ్వను బుట్టలో పడుకోబెట్టి నా బల్ల పక్కనే పెట్టుకోనిస్తున్నారు. "పాకేదాకానేనమ్మాయ్. ఆ తర్వాత అది చింపుతుంది, నువ్వు అతికిస్తావు. మీ ఇద్దరికీ జీవితాంతం పని దొరుకుతుంది, నాకు పుస్తకాలు మిగలవు" అన్నారు.

నిన్ను ఒక మాట అడగాలి. గవ్వను కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకుంటావా? ఒక ఏడాది. దానికి మాటలు వచ్చేదాకా. సీసా పాలు అలవాటు చేస్తున్నాను. నీ గదికి ఎండ బాగా వస్తుందని గుర్తు.

ఆలోచించుకుని రాయి. తొందరేమీ లేదు. అయినా త్వరగా రాయి.

నీ కూతురు


ఆస్పత్రి కుట్టుగది
శుక్రవారం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మా డాక్టరుగారి చీటీలాగే ఉంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, చివర్లో గొంతు దిగనంత పెద్ద మాత్ర ఒకటి.

నాలుగు నెలల పిల్ల. ఏడాదిపాటు నా దగ్గర. ఎందుకే?

నాకిష్టం లేదనుకునేవు. నువ్వు పంపిన ఫోటో మిషను మీదే అతికించుకున్నాను. తొక్కినప్పుడల్లా ఫోటో ఊగుతుంది, అది కాళ్ళు ఆడిస్తున్నట్టుంటుంది. దుప్పట్ల అంచులు కుడుతున్నానన్న మాటేగానీ చూపంతా అక్కడే. నిన్న ఒక తలగడ గలీబుకి మూడు వైపులా కాదు, నాలుగు వైపులా కుట్టేశాను. మా సూపర్‌వైజరమ్మ దాన్ని పట్టుకుని, "ఇందులోకి తలగడ ప్రార్థన చేసి దూరాలా?" అంది. నా చేతులు ఆ పిల్ల కోసం ఎంత లాగుతున్నాయో నీకు రాయడం చేతకాదు నాకు.

కానీ నీ ఉత్తరంలో ఏదో లేదు. ఉండాల్సిన చోట లేదు. బట్టలో పోగు జారితే నా కంటికి తెలుస్తుంది, ఇరవై ఏళ్ళ పని ఇది.

నువ్వు ఉండి చదువుకున్న సిస్టర్ల బడిలో ఆదివారం ఆదివారం మీ అందరిచేతా ఇళ్ళకు ఉత్తరాలు రాయించేవాళ్ళు గుర్తుందా? చిన్న సిస్టరు ఎర్ర పెన్సిలుతో దిద్దాకే పోస్టులో పడేవి. 'నేను క్షేమం. బాగా తింటున్నాను. బాగా చదువుతున్నాను.' ఏళ్ళ తరబడి అవే మూడు వాక్యాలు. ఒక్కసారి మాత్రం నాలుగోది రాశావు. దాని మీద ఎర్రగీత కొట్టేసి ఉంది. తల్లులు బెంగ పెట్టుకుంటారని కొట్టేసేదిలే, పాపం ఆమె పని ఆమెది. గీత కిందనుంచి నేను చదువుకున్నాను. ఏముందో ఎప్పుడైనా చెప్తాను.

ఇప్పుడు ఎర్ర పెన్సిలు ఎవరి చేతిలోనూ లేదు. రాయి.

అల్లుడుగారేమైనా అన్నారా? అని ఉంటే చెప్పు, నేనొచ్చి ఆయన కొలతలు తీస్తాను.

అమ్మ


పుస్తకాల మరమ్మతు గది
గవ్వకు ఐదో నెల నిండబోతోంది

అమ్మకు,

ఆలస్యానికి క్షమించు. బడి అట్లాసులు ఒకేసారి అరవై వచ్చాయి.

ఆయన ఏమీ అనలేదు. ఆయనకు నేనింకా ఏమీ చెప్పలేదు.

కారణాలు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. గదిలో చెమ్మ ఉంది. జిగురు వాసన పిల్లలకు మంచిది కాదంటారు. ఇంకొన్ని వారాల్లో అది పాకుతుంది, తర్వాత ఇక్కడ ఉండనివ్వరు. ఇవి చాలవా?

నాన్న పోయాక నీకు ఆస్పత్రిలో ఉద్యోగమూ గదీ ఇచ్చారు. ఆ గదిలో అప్పట్లో పిల్లల్ని ఉండనివ్వలేదు. అందుకని ఆరేళ్ళప్పుడు నన్ను సిస్టర్ల దగ్గర పెట్టావు. నేను పాడైపోలేదు కదా. చదువుకున్నాను, ప్రార్థన నేర్చుకున్నాను, పక్క సరిగ్గా పరుచుకోవడం నేర్చుకున్నాను. కొంతమంది తల్లులు కొంత దూరంలో ఉంటేనే పిల్లలకు మేలేమో. ఇది నిష్ఠూరంగా రాయడం లేదు.

నువ్వు వచ్చినట్టే నేనూ ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చి దాన్ని చూసిపోతాను. మధ్యలో ఒకసారి నువ్వు నాలుగు నెలలు రాలేదు. ఎందుకు రాలేదని నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడానికి నా కారణం నాకుంది. ఇప్పుడూ అడగను.

దాన్ని ఉంచుకుంటావా, లేదా? అది మాత్రం చెప్పు.

నీ కూతురు


ఆస్పత్రి కుట్టుగది
బుధవారం

అమ్మలూ,

నిష్ఠూరంగా రాయడం లేదన్నావు. సరే. నేనూ నిష్ఠూరంగా చదవలేదు.

దీంతో పాటు పాత దుప్పట్లు చింపి కుట్టిన గుడ్డలు ఇరవై పంపుతున్నాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట, పిల్ల ఒంటికి గుచ్చుకోదు. కొన్నిటి మూల ఆస్పత్రి ముద్ర పోలేదు. 'మగవారి వార్డు' అని ఉంటుంది. నవ్వుకో.

చెమ్మ, జిగురు అన్నావు. చెమ్మ పడితే గది మారతారు, పిల్లను మార్చరు. నన్ను అడిగింది ఒకటి, నువ్వు దాచింది ఒకటి. దాచింది బయటపెడితే అడిగినదానికి జవాబిస్తాను.

మోకాలు నొప్పి అలాగే ఉంది. నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను.

అమ్మ


ఇల్లు
గవ్వకు ఆరో నెల, ఆదివారం

అమ్మకు,

ఇది గదిలో కూర్చుని రాయలేకపోయాను. ఇంట్లో రాస్తున్నాను. గవ్వ మంచం మీద 'మగవారి వార్డు' గుడ్డ చుట్టుకుని నిద్రపోతోంది. రెండు వాక్యాలకోసారి తలెత్తి చూస్తున్నాను.

మొదటి ఉత్తరం రాయడానికి తొమ్మిది రోజుల ముందు, శనివారం. మా చర్చిలో పాటల పుస్తకాలు చిరిగిపోయాయి. అతికించి తెస్తానని ఫాదర్‌కు నేనే చెప్పాను. సాయంత్రం పూజ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక రెండు బుట్టలతో వెళ్ళాను. ఒకదాంట్లో గవ్వ, ఒకటి పుస్తకాలకు. రెండూ ఒకే దుకాణంలో జతగా కొన్నవి. రెండిటి మీదా నువ్వు కుట్టిచ్చిన ముక్కల దుప్పట్లే. గవ్వ నిద్రపోతోంది. ముందు బెంచీ మీద పెట్టాను.

పుస్తకాలు సర్దుతుంటే ఒకటి చాలా పాతది దొరికింది. దాని వీపు చేత్తో కుట్టారు. అలాంటి కుట్టు నేనెప్పుడూ చూడలేదు. దారం ముందుకు పోయి, ఒక మడత వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోతుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఎంతసేపో తెలియదు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని, బుట్ట ఎత్తుకుని, ఇంటికి బయల్దేరాను.

చేతికి బరువు తెలిసింది. బరువు తెలిస్తే చాలనుకుంది చెయ్యి. ఇంకేమీ అడగలేదు.

ఇరవై నిమిషాల నడక. దారిలో గడియారాలు బాగుచేసే ఆయన పలకరించారు, తల ఊపాను. మెట్లెక్కాను. బుట్ట మంచం పక్కన పెట్టాను. చేతులు కడుక్కున్నాను. టీ పెట్టుకున్నాను. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆ కుట్టును దారంతో గుడ్డ మీద వేసి చూశాను. మూడోసారికి వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

అమ్మా, ఆ నిశ్శబ్దం నాకు బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి రెండు నెలలు పట్టింది. చాలా బాగుంది. ఇలాగే ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

పాల వేళయిందని లేచి దుప్పటి తీశాను. పాటల పుస్తకాలు ఉన్నాయి.

ఎలా పరుగెత్తానో గుర్తులేదు. ఒక కాలికి చెప్పు లేదని చర్చి మెట్ల మీద తెలిసింది. మొత్తం గంటా పది నిమిషాలు.

చర్చికి తాళాలు వేసే ముసలాయన ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. బుట్ట పక్కనే. తాళాల గుత్తి గవ్వ ముఖం ముందు ఆడిస్తున్నారు. అది ఏడవడం లేదు. గుత్తిలో పెద్ద తాళంచెవిని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"వచ్చావా అమ్మా" అన్నారు. "ఎవరేం మర్చిపోయినా ఆ బీరువాలో పెడతాను. కళ్ళద్దాలు, చేతిసంచులు, ఓసారి ఒకాయన పళ్ళసెట్టు. ఈవిడ అందులో పట్టలేదు."

బుట్ట అందుకోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. సంతకం పెట్టకుండా ఏదీ ఇవ్వను. ఫాదర్‌దైనా సరే."

నన్ను బాధపెట్టాలని కాదు. ఆయన పద్ధతి అది. పోయిన వస్తువుల పుస్తకం తెచ్చారు. అట్ట ఊడిపోతోంది. 'నల్ల కళ్ళజోడు' కింద 'ఒక పాప, నిద్రలో' అని రాసి ఉంది. పక్కన 'ఎవరిది' అనే గడి ఖాళీగా ఉంది. "ఏం రాయమంటావు?" అన్నారు. నేను గవ్వ వైపు చూశాను. ఆయనే 'తల్లి' అని రాసి, కలం నా చేతికిచ్చారు. ఆ మాట ఎదురుగా సంతకం పెట్టాను. నా చేతి కింద కాగితం తడిసింది. "పర్లేదు, ఆరుతుంది" అన్నారు.

తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పాను. దేవుడు క్షమించాడు, ఇంటికెళ్ళి పిల్లను ఎత్తుకో అన్నారు. ఎత్తుకుంటున్నాను. కింద పెట్టాలంటేనే భయం. పెడితే మళ్ళీ తీసుకుంటానని నా మీద నాకు నమ్మకం లేదు. జపమాల చెప్పుకుంటుంటే, మరియమ్మ సంతోషాలను ఒక్కొక్కటిగా తలుచుకునే సంతోష రహస్యాల్లో ఐదో దాని దగ్గర ఆగిపోతున్నాను. పన్నెండేళ్ళ కొడుకు యేసు వెంట లేడని మరియమ్మ ఒక రోజంతా నడిచాక గానీ చూసుకోలేదు. దాన్ని సంతోషాల్లో ఎందుకు కలిపారో నాకు అర్థం కావడం లేదు.

దాచింది ఇదే. నా దగ్గర కంటే నీ దగ్గర అది భద్రం. అందుకే అడిగాను. ఇప్పుడు జవాబివ్వు.

నీ కూతురు


ఆస్పత్రి కుట్టుగది
గురువారం

అమ్మలూ,

నీ ఉత్తరం చదివి కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. మా సూపర్‌వైజరమ్మ వెతికిపెట్టింది. నా ఒళ్ళోనే ఉంది.

నా దగ్గర భద్రమా? సరే, విను. నేనూ ఒకటి బయటపెడతాను.

నిన్ను బడిలో వేసిన రెండో ఏడు. రెండో ఆదివారం వచ్చాను. మండే ఎండ. గేటు దాకా వచ్చేసరికి లోపల వసారాలో చిన్న సిస్టరు కూర్చుని ఉంది, నువ్వు ఆమె ఒళ్ళో. నీ జుట్టు దువ్వుతోంది. నాకంటే బాగా దువ్వుతోంది. నువ్వు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి 'అమ్మా' అన్నావు. గట్టిగా అన్నావు, గేటు దాకా వినిపించింది.

నేను తలుపు తట్టలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కాను. నీకని తెచ్చిన రంగు పెన్సిళ్ళు బస్సులో ఎవరో పిల్లకిచ్చేశాను.

తర్వాత నాలుగు నెలలు రాలేదు. జ్వరమని చెప్పాను నీకు. జ్వరం లేదు, ఏమీ లేదు. రాలేక కాదే, రాలేదు. అలిగాను. ఏడేళ్ళ పిల్ల మీద, ముప్ఫై ఏళ్ళదాన్ని, అలిగి కూర్చున్నాను. ఆ రెండో ఆదివారాలు గదిలో మిషను ముందేసుకుని, ఎవరూ అడగని గుడ్డలు కుట్టాను. నువ్వు మరిచిపోయి గంటా పది నిమిషాలు వదిలేశావు. నేను గుర్తుపెట్టుకుని నాలుగు నెలలు వదిలేశాను. ఏది పెద్దదో నువ్వే చెప్పు, నువ్వు చదువుకున్నదానివి.

మళ్ళీ ఎందుకొచ్చానంటావా? ఆ ఎర్రగీత కింది నాలుగో వాక్యం. 'నాది తప్పు, రా అమ్మా' అని ఉంది. ఏం తప్పు చేశావో నాకు ఈనాటికీ తెలీదు. అంత పిల్ల ఏం తప్పు చేస్తుంది? తప్పంతా నా దగ్గర పెట్టుకుని, పిల్లచేత క్షమాపణ అడిగించుకున్నానని గుండె పగిలింది. మర్నాడు చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. పెద్ద ప్రార్థనేం రాలేదు. 'ఎలా వెళ్ళను, ఏ మొహంతో వెళ్ళను' అన్నాను. ఉన్న మొహంతో వెళ్ళు అని తోచింది. దేవుడన్నాడో, నాకే తోచిందో, వచ్చేశాను. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి నా కొంగులో తలపెట్టావు. ఒక్క మాట అడగలేదు. కృప అంటే ఏమిటని ఫాదర్లు ఎన్ని ప్రసంగాలు చేసినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ తలకాయే.

ఇంక నీ ఐదో రహస్యం. నేను గుడ్డలు కుట్టేదాన్ని, నాకేం తెలుస్తుంది. కానీ దానికి 'పిల్లాణ్ణి పోగొట్టుకోవడం' అని పేరు పెట్టలేదు కదే. 'దొరకడం' అనే పెట్టారు. అంతేకాదు, దొరికాక ఆ తల్లి ఏమంది? మమ్మల్ని ఎందుకిలా చేశావని పిల్లాణ్ణే కోప్పడింది. చూసుకోనిది తను, తిట్లు పిల్లాడికి. అచ్చం మనలాగే ఉంది. నాకు మరియమ్మ మీద చనువు వచ్చింది అక్కడే.

కాబట్టి నా జవాబు. గవ్వను నేను తీసుకోను. పద్దెనిమిదేళ్ళుగా నా ఒళ్ళు ఖాళీగా ఉంది, అది నా ఒళ్ళో ఉండాలని ఎంత ఉందో ఆ పైవాడికి తెలుసు. అయినా తీసుకోను. నువ్వు నాకు దూరంగా పెరగడం నీకు మేలు చేసిందని రాశావు చూడు, ఆ మాట నీ కూతురు నీకు రాయకూడదు.

నేనే వస్తాను. రెండో ఆదివారం. ఈసారి తలుపు తడతాను.

ఆయనకు చెప్పు. ఇవాళే చెప్పు.

అమ్మ


పుస్తకాల మరమ్మతు గది
గవ్వకు ఎనిమిదో నెల, సోమవారం

అమ్మకు,

ఇది నీకు నువ్వు బయల్దేరేలోగా అందాలి. ఆదివారం మాట్లాడుకోవచ్చు కానీ, ఎదురుగా ఉంటే నేను చెప్పను. నీకు తెలుసు.

గవ్వ పాకుతోంది. లైబ్రేరియన్ గారు దాన్ని పంపేయలేదు. పనికిరాని అట్లాసులు మూలన పేర్చి ప్రహరీ కట్టారు. "సముద్రాలు నములుతుంది, నమలనీ. అవి ఎటూ పాత సముద్రాలు" అన్నారు. నా వైపు నుంచి చూస్తే ప్రహరీ మీద దాని నెత్తి మాత్రం కనిపిస్తుంది. ఇప్పుడు ఎన్ని వాక్యాలకు ఒకసారి తలెత్తుతున్నానో లెక్కపెట్టడం లేదు.

ఆయనకు చెప్పాను. "గంటా పది నిమిషాలు నువ్వొక్కదానివే మోశావా, మూడు నెలలూ?" అన్నారు. తర్వాత ఆ పోయిన వస్తువుల పుస్తకం చూడాలన్నారు. గవ్వను ఎత్తుకుని ముగ్గురం వెళ్ళాం. తాళాలాయన పేజీ తీశారు. ఈయన నా సంతకం కింద తనదీ పెట్టారు. "ఆలస్యంగా వచ్చారు బాబూ" అన్నారు తాళాలాయన. "అవునండీ" అన్నారు ఈయన.

ఆ పుస్తకం వీపు పూర్తిగా ఊడిపోయింది. కుట్టిపెడతావా అమ్మా అని తాళాలాయన నా చేతిలో పెట్టారు. బల్ల మీద విప్పి, మడతలు విడదీస్తుంటే మా సంతకాలున్న ఆ కాగితం విడిగా నా చేతిలోకి వచ్చింది. అది లేకపోయినా ఎవరికీ తెలియదు. కళ్ళజోళ్ళు లెక్కపెట్టేవాళ్ళెవరు? కాసేపు పట్టుకుని కూర్చున్నాను. 'తల్లి' అన్న మాట చుట్టూ చుక్కలా మరక ఉంది. ఆరింది, కానీ పోలేదు. నేను ఆ పేరుకు తగినదాన్నని ఆయన రాయలేదు. పాప ఎవరిదో రాశారు, అంతే. దేవుడూ అలాగే రాసుకుంటాడేమో అనిపించింది. కాగితాన్ని దాని చోట పెట్టి కుట్టాను. ఆ పాత కుట్టే వేశాను, ఒక మడత వెనక్కి వచ్చి ముందుకు పోయేది.

నిన్ను చూడాలని ఉంది. ఇదివరకు ఇలా నీకు రాయలేదు. బడిలో ఎర్ర పెన్సిలుకు భయపడి రాయలేదు, తర్వాత అలవాటై రాయలేదు. గవ్వను నీ ఒళ్ళో పెట్టి, నేను పక్కన కూర్చోవాలని ఉంది. నా జుట్టు నువ్వు దువ్వాలని ఉంది. సిస్టర్ నీకంటే బాగా దువ్వేది, నిజమే. నొప్పి పుట్టేది కాదు. నువ్వు లాగితే కళ్ళలో నీళ్ళు వచ్చేవి. ఆదివారం దువ్వెన తీసిపెడతాను.

మెట్లు పన్నెండు. మోకాలు జాగ్రత్త. మొన్న అడగనందుకు ఇప్పుడు అడుగుతున్నాను, ఎలా ఉంది?

ఇంకొకటి. అప్పుడు నేనేం తప్పు చేశానో నీకు ఈనాటికీ తెలియదని రాశావు. ఆ రోజు నువ్వు ఆకుపచ్చ గొడుగు వేసుకుని వచ్చావు. దాని ఊస ఒకటి విరిగి, ఒక పక్క వాలి ఉంది. ముందు నిన్ను గేటు దగ్గర చూశాను. చూశాకే సిస్టర్‌ను అమ్మా అని పిలిచాను.

నీ కూతురు